ఉప్పు ముందు, నీరు వెనక

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం తడి గురించే: నోటి తడి, ఒంటి తడి, పేగు తడి. అన్నిటికీ మూలం ఒకటే కాబట్టి వరుసగా ఇస్తున్నాం. మొదటి జవాబు కాస్త పెద్దది. అది చదివితే మిగతావి తేలిగ్గా అర్థమవుతాయి.

ప్రశ్న: చింతకాయ తొక్కు పేరెత్తితే చాలు, నోరూరుతుంది. ఆ నీళ్లు రక్తంలోంచే వస్తాయని మా లెక్చరర్ చెప్పారు. అంటే కిడ్నీలో లాగా వడపోతేనా? లేకపోతే కణం నీటిని ఎలా బయటికి తోస్తుంది?
— ఇంటర్ విద్యార్థి, ఖమ్మం

జవాబు: వడపోత కాదు. ఈ సంగతి 1851లోనే తేలిపోయింది. జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ లుడ్విగ్ కుక్క దవడ కింది లాలాజల గ్రంథికి వెళ్లే నరాన్ని ప్రేరేపించి, గ్రంథి గొట్టంలో పీడనం కొలిచారు. అది ఆ గ్రంథికి రక్తం తెచ్చే ధమనిలోని పీడనం కన్నా ఎక్కువ వచ్చింది. వడపోతే అయితే అలా జరగదు. పై తొట్టిలోంచి కిందికి దిగిన నీరు పై మట్టాన్ని మించి ఎక్కలేదు కదా. అంటే గ్రంథి కణమే ఏదో పని చేస్తోందన్నమాట.

ఆ పని నీటి మీద కాదు, ఉప్పు మీద. నీటిని నేరుగా తోడిపోసే పంపు మన కణాల్లో లేదు. మాగాయకి మామిడి ముక్కల్లో ఉప్పు కలిపి జాడీలో పెడితే మూడో రోజుకి ఊట ఎలా వస్తుందో గుర్తు చేసుకోండి. ముక్కల్ని ఎవరూ పిండలేదు. ఉప్పు ఎక్కడుంటే నీరు అక్కడికి చేరింది. గ్రంథి చేసేదీ ఇదే. తేడా ఒక్కటే: జాడీలో ఉప్పు మనం వేస్తాం, ఇక్కడ బతికున్న కణమే లెక్క ప్రకారం ఉప్పును గొట్టంలోకి దించుతుంది. నోరు ‘ఊరడం’, ఊరగాయ ‘ఊరడం’ అని రెంటికీ ఒకే మాట వాడుతున్నాం. మాటే కాదు, శాస్త్రం కూడా దాదాపు ఒకటే.

ఇప్పుడు కణం దగ్గరికి వెళ్దాం. దానికి రెండు ముఖాలు: ఒకటి రక్తం వైపు, ఇంకోటి గొట్టం వైపు. రెండు ముఖాలకీ ఒకే రకం ద్వారాలుంటే ఏ పనీ జరగదు. ద్వారాలు వేరు కావడంలోనే కిటుకంతా ఉంది.

రక్తం వైపు సోడియం-పొటాషియం పంపు ఉంటుంది. కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువును ఒక్కోదాన్ని ఖర్చు చేసి 3 సోడియం అయాన్లను బయటికి నెట్టి, 2 పొటాషియంలను లోపలికి తెస్తుంది. దీన్ని 1957లో కనిపెట్టిన డెన్మార్క్ శాస్త్రవేత్త యెన్స్ స్కౌకి నోబెల్ 40 ఏళ్ల తర్వాత, 1997లో వచ్చింది. పంపు పుణ్యాన కణం లోపల సోడియం ఎప్పుడూ కరువే. బయటి సోడియం లోపలికి రావాలని తోసుకుంటూ ఉంటుంది. ఆ తోపునే వాడుకునే ఇంకో వాహకం పక్కనే ఉంది. అది ఒక సోడియం, ఒక పొటాషియం, రెండు క్లోరైడ్‌లను కట్టగట్టి ఒకేసారి లోపలికి తెస్తుంది. అలా క్లోరైడ్ కణంలో నిల్వ పడుతుంది. లెక్క చూడండి: ఒక్క ఏటీపీతో 3 సోడియంలు బయటికి పోతే, అవి తిరిగొచ్చేటప్పుడు 6 క్లోరైడ్‌లను వెంటబెట్టుకొస్తాయి. మంచి బేరమే.

ఇంతవరకూ గొట్టం వైపు తలుపు మూసే ఉంది. చింతకాయ కనబడగానే మెదడు నుంచి నరం ద్వారా కబురు వస్తుంది, నరం చివర కబురు మోసే రసాయనం ఎసిటైల్‌కోలిన్ విడుదలవుతుంది. దాంతో కణం లోపల దాచి ఉన్న కాల్షియం బయటపడి, గొట్టం వైపున్న క్లోరైడ్ ద్వారాలను తెరుస్తుంది. అదే సమయంలో రక్తం వైపు పొటాషియం ద్వారాలు కూడా తెరుచుకుంటాయి. ఇవి తెరుచుకోకపోతే క్లోరైడ్ కాసేపు పోయి ఆగిపోతుంది. రుణ విద్యుత్తుతో క్లోరైడ్ పోతూ ఉంటే, లోపల మిగిలే ధన విద్యుత్తు దాన్ని వెనక్కి లాగుతుంది. పొటాషియం బయటికి పోతేనే ఆ లెక్క సరిపడుతుంది.

గొట్టంలో క్లోరైడ్ చేరగానే అక్కడ రుణ విద్యుత్తు పెరుగుతుంది. దాని ఆకర్షణకి కణానికీ కణానికీ మధ్య అతుకుల్లోంచి సోడియం వచ్చి కలుస్తుంది. ఉప్పు తయారైంది. ఒక్కో సోడియం-క్లోరైడ్ జంట వెంట సుమారు 370 నీటి అణువులు వస్తాయి. రక్తంతో సమానమైన ఉప్పదనం నిలవాలంటే అన్ని కావాలి. ఆ నీటిలో ఎక్కువ భాగం ఆక్వాపోరిన్-5 అనే సన్నని దారుల్లోంచి వస్తుంది. ఈ దారి లేకుండా పుట్టించిన ఎలుకల్లో లాలాజలం సగానికి పైగా తగ్గిపోయి, ఉన్నది చిక్కబడింది. అంటే ఉప్పు దిగింది, నీరు సమయానికి అందలేదు.

ఇలా రోజుకి మనం ఊరించే లాలాజలం లీటరు నుంచి లీటరున్నర.

ప్రశ్న: అన్నిటికీ ఒకే పద్ధతైతే చెమట ఉప్పగా, కన్నీళ్లు ఉప్పగా ఉండి, ఉమ్మి మాత్రం చప్పగా ఎందుకుంటుంది? మరో సందేహం: మా దగ్గర ఎండాకాలం కొత్తగా పనిలోకి వచ్చినవాళ్ల చొక్కాల మీద తెల్లటి ఉప్పు చారలు కడతాయి. పాతవాళ్ల చొక్కాల మీద అంతగా ఉండవు.
— నిర్మాణ పనుల మేస్త్రీ, రెంటచింతల

జవాబు: మీ రెండో పరిశీలనలోనే మొదటి ప్రశ్నకి జవాబుంది.

పైన చెప్పిన ఊట గ్రంథి మొదట్లో తయారయ్యేది. అక్కడ ఉప్పు రక్తంలో ఉన్నంతే ఉంటుంది. తర్వాత అది గొట్టం వెంట పోతుండగా గొట్టం గోడ ఉప్పును వెనక్కి లాక్కుంటుంది. ఈ గోడలోంచి నీరు సులువుగా దాటదు, కాబట్టి నీరు మిగిలి ద్రవం చప్పబడుతుంది. ఈ రెండు అంచెల సంగతిని 1954లో తేల్చారు. ఇక ఎంత చప్పబడుతుందన్నది వేగాన్ని బట్టి. నెమ్మదిగా పారితే గోడకి తీరిక దొరికి చాలా ఉప్పు తీసేస్తుంది. జోరుగా పారితే అందినంతే.

అందుకే ఊరికే కూర్చున్నప్పటి ఉమ్మిలో సోడియం తక్కువ, పులుపు తింటున్నప్పుడు ఎక్కువ. లాలాజల గొట్టాలు ఇంకో పని కూడా చేస్తాయి: సోడియం తీసుకుని బదులుగా పొటాషియం, బైకార్బనేట్ వదులుతాయి. పైగా నాలుక రోజంతా అందులోనే నానుతూ ఆ కాస్త ఉప్పుకి అలవాటు పడిపోతుంది. కన్నీటి గ్రంథి గొట్టాలు ఉప్పును అంతగా తీయవు, అందుకని కన్నీళ్లు రక్తమంత ఉప్పగానే కారతాయి.

చెమట విషయానికొస్తే, లీటరు చెమటలో సోడియం 10 నుంచి 70 మిల్లీమోల్‌ల దాకా మనిషిని బట్టి, వేగాన్ని బట్టి మారుతుంది (మిల్లీమోల్ అంటే అణువుల సంఖ్యను లెక్కించే కొలత). ఎండకి అలవాటు పడడానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. ఆ రోజుల్లో ఆల్డోస్టెరోన్ హార్మోను పెరిగి, చెమట గొట్టం ఉప్పును గట్టిగా వెనక్కి లాక్కోవడం నేర్చుకుంటుంది. చెమట ఎక్కువవుతుంది, ఉప్పు తగ్గుతుంది. మీ పాతవాళ్ల చొక్కాల మీద చారలు లేకపోవడానికి కారణం ఇదే. కొత్తవాళ్లకి మొదటి వారం సగం పనే ఇవ్వడం దయ కాదు, అవసరం.

ఉప్పు లెక్క ఇలా వేసుకోండి. సోడియం 50 మిల్లీమోల్‌లున్న లీటరు చెమటతో దాదాపు 3 గ్రాముల ఉప్పు పోతుంది. పూటకి 4 లీటర్లు కారిస్తే 12 గ్రాములు. దాని బదులు ఉత్త నీళ్లే తాగుతూ పోతే రక్తంలో సోడియం పలచబడి తలనొప్పి, వాంతులు, పిక్కలు పట్టేయడం, ఇంకా ముదిరితే మతిపోవడం, ఫిట్స్ రావచ్చు. లీటరు పలచటి మజ్జిగలో అర చెంచా ఉప్పు గుట్టగా కాకుండా చదునుగా వేస్తే ఇంచుమించు పోయినంత తిరిగొస్తుంది. బీపీ, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు మాత్రం డాక్టర్ని అడిగి తాగాలి.

ఇంకో మాట: లీటరు చెమట ఆరితే ఒంటి వేడి సుమారు 580 కిలోక్యాలరీలు తగ్గుతుంది. ఆరకుండా కారిపోతే చల్లదనం రాదు, ఉప్పు మాత్రం పోతుంది. కోస్తా ఉక్కపోతలో అందుకే ఎక్కువ అలుపు.

ప్రశ్న: మా ఏడు నెలల బాబుని ముద్దు పెట్టుకుంటే నుదురు ఉప్పగా తగులుతోంది. మాది మేనరికం. ఎవరో చెమట పరీక్ష చేయించమన్నారు. భయపడాలా?
— ఒక తల్లి, విజయనగరం

జవాబు: ఉప్పదనం ఒక్కటే అయితే భయపడనక్కర్లేదు. ఎండాకాలం ఏ బిడ్డ నుదురైనా ఉప్పగానే ఉంటుంది. బరువు బాగా పెరుగుతూ, దగ్గు లేకుండా, విరోచనం మామూలుగా ఉంటే తదుపరి టీకాకి వెళ్లినప్పుడు చెప్పండి, చాలు. కానీ వదలని దగ్గు, పదే పదే న్యుమోనియా, జిడ్డుగా తేలే దుర్వాసన విరోచనాలు, పాలు బాగా తాగుతున్నా బరువు పెరగకపోవడం, వేసవిలో ఊరికే డీలా పడి సోడియం తగ్గిపోవడం — వీటిలో ఏదున్నా ఆలస్యం చేయొద్దు. పురిటి రోజుల్లో మొదటి విరోచనం కాక పేగు అడ్డుపడి ఉంటే అది కూడా తప్పకుండా చెప్పండి.

అనుమానించేది పుట్టుకతో వచ్చే జన్యు జబ్బు సిస్టిక్ ఫైబ్రోసిస్‌ని. ఇందులో సీఎఫ్‌టీఆర్ అనే క్లోరైడ్ ద్వారం పాడవుతుంది. 1989లో దీని జన్యువు దొరికింది. ఒకే ద్వారం రెండుచోట్ల రెండు దిక్కుల్లో పని చేయడం ఈ జబ్బులోని వింత. క్లోమం గొట్టాల్లో, పేగులో అది ఉప్పునీరు బయటికి రావడానికి తోడ్పడుతుంది. అది లేకపోతే అక్కడి ద్రవం చిక్కబడి గొట్టాలు పూడుకుపోతాయి, ఊపిరితిత్తుల్లోనూ కఫం జిగురవుతుంది. చెమట గొట్టంలో మాత్రం అదే ద్వారం ఉప్పును లోపలికి తీసుకోవాలి. అది లేకపోతే ఉప్పంతా చెమటలోనే ఉండిపోతుంది. 1948 వేసవిలో న్యూయార్క్‌ని ఎండలు కాల్చినప్పుడు వడదెబ్బతో వచ్చిన పిల్లల్లో ఈ జబ్బున్నవాళ్లు ఎక్కువగా ఉండడంతోనే చెమట మీద డాక్టర్ల కన్ను పడింది.

పరీక్ష ఇలా ఉంటుంది. ముంజేతి మీద, చెమట పట్టించే పైలోకార్పిన్ మందున్న జెల్ పెట్టి 5 నిమిషాలు చాలా స్వల్పంగా కరెంటు పంపుతారు. చిన్న జలదరింపే తప్ప నొప్పి ఉండదు. తర్వాత 30 నిమిషాలు చెమట సేకరిస్తారు. కనీసం 15 మైక్రోలీటర్లు రావాలి, లేదంటే ఆ పరీక్ష చెల్లదు; ఇంకోరోజు చేయాలి. క్లోరైడ్ లీటరుకి 60 మిల్లీమోల్‌లు, ఆపైన ఉంటే జబ్బుందని లెక్క. రెండోసారి చేసి, జన్యు పరీక్షతో నిర్ధారిస్తారు. 30 లోపుంటే దాదాపు లేనట్టే. మధ్యలో ఉంటే మళ్లీ చూడాలి.

తప్పులెక్కడ జరుగుతాయంటే: సేకరించిన చెమట ఆరిపోతే క్లోరైడ్ లేనిపోని ఎక్కువ చూపిస్తుంది. బిడ్డకి ఒంట్లో నీరు పట్టి ఉంటే తక్కువ చూపిస్తుంది. తామర ఉన్న చోట చేయకూడదు. రోజూ ఈ పరీక్ష చేసే పెద్ద ఆసుపత్రిలోనే చేయించండి.

మేనరికం సంగతి: తల్లికీ తండ్రికీ ఈ జన్యువు చెడు నకలు ఒక్కోటి ఉంటేనే బిడ్డకి వస్తుంది, అప్పుడు కూడా ప్రతి కాన్పుకి నాలుగో వంతు అవకాశం. దగ్గరి బంధువులైతే ఇద్దరికీ ఒకే చెడు నకలు ఉండే అవకాశం పెరుగుతుంది. అంతే తప్ప మేనరికం చేసుకున్న పాపానికి జబ్బొచ్చిందనుకోవద్దు, ఎవరూ అననివ్వొద్దు.

ప్రశ్న: పత్తికి మందు కొట్టిన మనిషికి నోట్లోంచి నురగ, ఒళ్లంతా చెమట, కళ్లల్లో నీళ్లు ఒకేసారి ఎందుకొస్తాయి? ఊళ్లో ఉప్పునీళ్లు తాగించి కక్కిస్తున్నారు. అది సరైనదేనా?
— రైతు, ఆదిలాబాద్ జిల్లా

జవాబు: సరైనది కాదు. కక్కిస్తే మందు ఊపిరితిత్తుల్లోకి పోయి మనిషి అక్కడే పోవచ్చు. ఉప్పునీళ్లు, చింతపండు రసం, పాలు ఏవీ పట్టొద్దు. కొందరు ఉమ్మెత్త ఆకు పసరు కూడా చెబుతారు. ఉమ్మెత్తలో, ఆసుపత్రిలో దీనికి విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ జాతి పదార్థం ఉన్న మాట నిజమే, కానీ ఏ ఆకులో ఎంతుందో ఎవరికీ లెక్క తెలియదు. అదీ విషమే.

క్లోరిపైరిఫాస్, ప్రొఫెనోఫాస్, మోనోక్రోటోఫాస్ లాంటి మందులు ఎసిటైల్‌కోలిన్‌ని విరగ్గొట్టే ఎంజైమును పట్టేస్తాయి. నరం ఒక్కసారి ఇచ్చిన కబురు ఇక ఆగదు. మొదటి జవాబులో చెప్పిన క్లోరైడ్ ద్వారాలు అన్ని గ్రంథుల్లోనూ తెరిచే ఉండిపోతాయి. నోరు, కన్ను, చెమట, అన్నిటికన్నా ప్రమాదం శ్వాసనాళాలు. మనిషి తన ఊటలోనే మునుగుతాడు. పైగా ఊపిరి తీసే కండరాలు కూడా చచ్చుబడతాయి.

చేయాల్సింది: బట్టలన్నీ విప్పేయండి. మీ చేతులకి గ్లౌజులు గానీ ప్లాస్టిక్ సంచులు గానీ తొడుక్కుని సబ్బుతో ఒళ్లు, జుట్టు, గోళ్ల సందులు బాగా కడగండి. ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టి, నోట్లో నురగ గుడ్డతో తుడుస్తూ 108కి ఫోన్ చేయండి. మందు డబ్బా తప్పకుండా వెంట తీసుకెళ్లండి. మందు జాతిని బట్టి వైద్యం మారుతుంది.

ఆసుపత్రిలో ఇచ్చే ముఖ్యమైన మందు అట్రోపిన్. పెద్దవాళ్లకి 1 నుంచి 3 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, 5 నిమిషాలకోసారి చూస్తూ మోతాదు రెట్టింపు చేసుకుంటూ పోతారు. ఎక్కడ ఆపాలన్నది గ్రంథులే చెబుతాయి: ఛాతీలో గురగుర పోవాలి, చంకలు పొడిబారాలి, నాడి నిమిషానికి 80 దాటాలి. అట్రోపిన్ గ్రంథుల్ని ఆపుతుంది గానీ కండరాల బలహీనతను ఆపదు. అందుకే బాగున్నాడనిపించినా ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య మళ్లీ ఊపిరి ఆగే ప్రమాదం ఉంది. రెండో రోజే ఇంటికి తీసుకుపోతామని పట్టుబట్టకండి.

ప్రశ్న: ఓఆర్‌ఎస్ ప్యాకెట్ సగం వేసి గ్లాసులో కలిపితే సరిపోతుందా? పాప తాగడం లేదని పంచదార కలపొచ్చా?
— గృహిణి, కర్నూలు

జవాబు: రెండూ వద్దు. పెద్ద ప్యాకెట్‌లో 20.5 గ్రాములుంటుంది: ఉప్పు 2.6, గ్లూకోజ్ 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9. మొత్తం ఒక్క లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఒకేసారి కలపాలి. పొడి సగానికి సరిగ్గా రాదు. సగం ప్యాకెట్‌ని గ్లాసు నీళ్లలో వేస్తే ద్రావణం రెట్టింపుకి పైగా చిక్కబడి రక్తంలో సోడియం పెరుగుతుంది. కలిపింది 24 గంటలు దాటితే పారబోయండి. గ్లాసుకి సరిపడే 200 మిల్లీలీటర్ల చిన్న ప్యాకెట్లు దొరుకుతాయి, అవి కొనండి.

పంచదార ఎందుకు వద్దంటే, పేగు కణంలో గ్లూకోజ్, సోడియం ఒకే వాహకం మీద జంటగా లోపలికి పోతాయి, నీరు వాటి వెంట పోతుంది. ఆ నిష్పత్తి మించి తీపి వేస్తే మిగిలిన చక్కెర పేగులోనే ఉండి నీటిని తన వైపు లాగుతుంది, విరేచనాలు పెరుగుతాయి. ఎండలో కాసేపు ఆడొచ్చిన పిల్లకి ఇచ్చే తీపి డబ్బా పానీయం కూడా విరేచనాలకి ఇందుకే పనికిరాదు. పేరులో ఓఆర్‌ఎస్ అని పెట్టుకున్న అలాంటి పానీయాల మీద హైదరాబాద్ పిల్లల వైద్యురాలొకరు ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు వాడకూడదని ఆదేశించింది.

కలరా గురించి రెండు మాటలు. కలరా విషం పేగు కణంలో క్లోరైడ్ ద్వారాన్ని తెరిచి మూసుకోనివ్వదు; గంటకి లీటరు దాకా నీరు పోవచ్చు. ఆ విషాన్ని 1959లో కలకత్తాలో శంభునాథ్ డే కనిపెట్టారు. పోయే దారి చెడినా, గ్లూకోజ్‌తో వచ్చే దారి చెడదు. 1971లో పశ్చిమ బెంగాల్‌లోని బంగావ్ శరణార్థి శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోయినప్పుడు దిలీప్ మహలనాబిస్ ఈ దారినే నమ్ముకుని డ్రమ్ముల్లో ఓఆర్‌ఎస్ కలిపి తాగించారు. సుమారు 30 శాతం ఉన్న మరణాలు 4 శాతం లోపుకి దిగాయి.

రెండేళ్ల లోపు పిల్లలకి విరేచనం అయిన ప్రతిసారీ 50 నుంచి 100 మిల్లీలీటర్లు, ఆపైన పదేళ్ల దాకా 100 నుంచి 200. వాంతి చేసుకుంటే 10 నిమిషాలాగి చెంచాతో కొద్దికొద్దిగా పట్టండి.

ప్రశ్న: నిద్రకని, మంటలకని వేసుకునే మాత్రలతో నోరు పిడచగట్టుకుపోతోంది. రోజంతా నిమ్మచెక్క చప్పరిస్తున్నాను. వయసు 68.
— విశ్రాంత ఉద్యోగి, వరంగల్

జవాబు: నిమ్మచెక్క ముందు ఆపేయండి. ఊట తగ్గితే అందులో వచ్చే బైకార్బనేట్ కూడా తగ్గుతుంది, ఆమ్లాన్ని విరిచేది లేక పళ్ల పింగాణీ కరిగిపోతుంది. చక్కెర లేని చూయింగ్ గమ్ నమలండి, ఫ్లోరైడ్ పేస్టు వాడండి.

ఎంత తగ్గిందో ఇంట్లోనే చూసుకోవచ్చు. పొద్దున, గంటసేపు ఏమీ తినకుండా తాగకుండా ఉండి, ఒకసారి మింగి, తల కాస్త వంచి 15 నిమిషాలు నోట్లో ఊరిందంతా గ్లాసులోకి వదలండి. సూది లేని సిరంజితో కొలవండి. నిమిషానికి 0.3 మిల్లీలీటర్ల చొప్పున నాలుగున్నర దాకా రావడం మామూలు. ఒకటిన్నర లోపే వస్తే నిజంగా తక్కువ. అమిట్రిప్టిలిన్, క్లోర్‌ఫెనిరమైన్, ఆక్సిబ్యుటినిన్ లాంటివి అట్రోపిన్ పద్ధతిలోనే గ్రంథికి కబురందకుండా చేస్తాయి. చీటీ పట్టుకుని డాక్టర్ని కలవండి, సొంతంగా మానేయొద్దు. మాత్ర మార్చినా తగ్గక, కళ్లల్లో కూడా ఇసుక పడ్డట్టుంటే లాలాజల, కన్నీటి గ్రంథులు దెబ్బతినే షోగ్రెన్ జబ్బుకి పరీక్ష చేయించాలి. షుగరు కూడా చూపించుకోండి.

ప్రశ్న: అన్నం తింటున్నప్పుడే దవడ కింద ఉండలా ఉబ్బి, గంటకల్లా తగ్గిపోతోంది.
— పాఠకుడు, చీరాల

జవాబు: గ్రంథి బాగానే ఊరుతోంది, దారే మూసుకుపోయినట్టుంది. బహుశా రాయి. లాలాజల రాళ్లు పదింట ఎనిమిది దవడ కింది గ్రంథిలోనే వస్తాయి. దాని గొట్టం పొడుగు, ఊట కింద నుంచి పైకి ఎక్కాలి, పైగా చిక్కన. నీళ్లు బాగా తాగి, గ్రంథిని వెనక నుంచి ముందుకి వేలితో నెమ్మదిగా నిమరండి. చిన్న రాయైతే దానంతటదే జారి నాలుక కింద పడొచ్చు. జ్వరం, ఎరుపు, చీము ఉంటే మాత్రం నిమరొద్దు, అదే రోజు ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించండి.